రెండో దెబ్బ

1999 నవంబరు 9

త్రిమూర్తులు చెయ్యి పోవాలి. ప్రాణం అక్కర్లేదు. కుడి చెయ్యి చాలు.

పైకి అనలేని మాట కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. పదో తరగతి దాకా వెలగబెట్టిన చదువు ఇన్నాళ్ళకి ఇందుకు పనికొచ్చింది.

ఇవాళ బుచ్చిరాజుగారి షెడ్డులో పనికి చేరాను. ఎర్రవంతెన అవతల, బీరువాలు చేసే షెడ్డు. మా ఆయన వేళ్ళు నాలుగూ తీసుకున్న పవర్ ప్రెస్సు తలుపు తియ్యగానే ఎదురుగా ఉంటుంది. దసరాకి పెట్టిన పసుపూ బొట్లూ దాని మొహాన ఇంకా ఉన్నాయి. పేరంటానికి వచ్చిన ముత్తైదువులా నిలబడింది. దాని మీద నాకు కోపం లేదు. అది ఇనుము. మాట అన్నది మనిషి.

ఈ ఏడు జనవరిలో, పొద్దున్నే, షెడ్డు తెరిచిన కాసేపటికే జరిగింది. ఒక రేకు కొట్టి, అది తీసి ఇంకోటి సర్దుతుంటే పై దిమ్మ దిగింది. "నేను తొక్కలేదు దుర్గా. అదే దిగింది" అన్నాడు ఆసుపత్రిలో, తెలివి రాగానే. ఆ మధ్యాహ్నం హెడ్ మేస్త్రీ త్రిమూర్తులూ రాజుగారూ కలిసి మిషను నడిపి చూశారట. ఏ తేడా లేదట. సాయంత్రం ఆసుపత్రి వరండాలో అందరి ముందూ త్రిమూర్తులు తేల్చేశాడు.

"మిషను బంగారంలా ఉందండి. వీరబాబుకి కాలు ఊపే అలవాటుంది కదండీ. తెలీకుండా పెడల్ తొక్కేసుంటాడు."

ఊరికి ఆ మాట చాలు. ఆయన నిజంగానే కాలు ఊపుతాడు. కూర్చున్నాడంటే మోకాలు ఆడుతూనే ఉంటుంది. కాలు ఊపేవాడి ఇంట్లో లక్ష్మి నిలవదని మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అరిచేది. ఇప్పుడు పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆయన చేతి వంక కాదు, కాలి వంక చూసి పోతున్నారు.

నవంబరు 11

నా పని ఊడవడం, రేకులకి రెడ్ ఆక్సైడు రంగు పుయ్యడం, పొద్దున్నే మిషన్లకి నూనె పెట్టడం. నూనె పని త్రిమూర్తులే నేర్పాడు. ఏ మూల ఏ కన్నం ఉందో, ఎక్కడ ఎక్కువ పొయ్యాలో, ఎక్కడ చుక్క చాలో.

"ముందు దానికి తాగించాలి చెల్లెమ్మా. తర్వాతే మనం టీ తాగాలి."

చెల్లెమ్మట. పుండు చేసి కారం చల్లి, ఆ పైన చెల్లెమ్మ.

ప్రెస్సుకి పెద్ద చక్రం వెనక ఒక కొక్కెం ఉంది. పెడల్ తొక్కితే ఆ కొక్కెం దిగుతుంది, దిమ్మ ఒకసారి పడి లేస్తుంది. కాలు తియ్యగానే స్ప్రింగు కొక్కేన్ని వెనక్కి లాగెయ్యాలి. లాగకపోతే దిమ్మ ఆగదు, ఇంకోసారి పడుతుంది. దాన్ని రెండో దెబ్బ అంటారు.

"ఈ కొక్కెం దగ్గర మాత్రం తడి ఆరనివ్వకు. ఆ రోజున కూడా ముందు ఇదే చూసేను. టక్కుమని వెనక్కొస్తంది. రాపోతే ఆ మాట నేనెందుకంటాను చెప్పు?" అన్నాడు.

"ఆయ్" అన్నాను తల వంచుకుని. తల వంచింది వినయానికి కాదు, వాడి వేళ్ళు చూడడానికి. లావుగా, గోళ్ళలో గ్రీజుతో, అన్నీ ఉన్నాయి.

నవంబరు 12

నిన్న రాయడం మరిచాను. ఈ మిషన్లకి పోసేది కొబ్బరినూనె. రాజుగారికి అంబాజీపేటలో నూనె మిల్లుంది. పీపాల అడుగున దిగిన మడ్డి నూనె షెడ్డుకి పంపుతారు. ఇవాళ ఆయనే వచ్చి పీపా దింపించారు.

"మనింట్లో నూనె పెట్టుకుని బజారు నూనె కొనడమేంటమ్మా? పసిపిల్లల ఒంటికి రాస్తాం, ఇనుముకి పనికిరాదా?"

షెడ్డంతా తలంటు పోసుకున్న వాసన. మా ఆయన ఇంటికొచ్చేవాడు ఆ వాసనతోనే. నాకు అది ఇష్టంగా ఉండేది.

నవంబరు 20

త్రిమూర్తులు పెళ్ళాం జ్ఞానమ్మ కందాబచ్చలి కూర గిన్నెడు పంపింది. వీధిలో కుక్కకి పెట్టాను. అది గిన్నె నాకేసింది. దాని మీద కూడా కోపం వచ్చింది.

నవంబరు 28

ఇవాళ మా ఆయన అన్నాడు: "నేను తొక్కేనా దుర్గా?"

మొదట్లో "తొక్కలేదు" అనేవాడు. వేసవిలో "తొక్కలేదనుకుంటా" అన్నాడు. ఇప్పుడు నన్ను అడుగుతున్నాడు.

"మీరు తొక్కలేదు" అన్నాను.

"నీకేం తెలుసు, నువ్వు లేవు కదా అక్కడ" అన్నాడు. నిజమే. నాకు తెలీదు. నమ్మకం వేరు, తెలియడం వేరు. కుడికాలిని తువ్వాలుతో మంచం కోడుకి కట్టుకుని కూర్చుంటున్నాడు, ఊగకుండా.

ఒక్క మాటతో మనిషిని ఇలా చేసినవాడు పొద్దున్నే కొబ్బరిచెట్ల కింద ఈల వేసుకుంటూ సైకిలు తొక్కుకుంటూ వస్తాడు.

డిసెంబరు 3

పానా తీసుకుని ప్రెస్సు మీద ఒక బోల్టు తిప్పి చూశాను. కదల్లేదు. కదిలినా ఏం లాభం? బోల్టు విప్పితే నేను విప్పినట్టే. నా చేతికి మసి అంటకూడదు. వాడి పాపం వాణ్ణే కొట్టాలి.

ఆయనకి అలా అయ్యాక షెడ్డులో ఒక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దున్న మొదటి దెబ్బలు త్రిమూర్తులే వేస్తాడు. అంతా కుదిరిందని చూసుకున్నాక, ఇప్పుడు ప్రెస్సు మీద కూర్చునే కుర్రాడు కొండబాబుకి అప్పగిస్తాడు. రోజూ వాడి చెయ్యే ముందు వెళుతుంది అందులోకి.

డిసెంబరు 17

నిన్న నెలగంట పెట్టారు. చలి ఒక్కసారిగా దిగింది. తలకి రాసుకుందామంటే సీసాలో నూనె పేరుకుపోయి ఉంది. ఎండ వచ్చే చోట పెట్టి పనికి పోయాను.

షెడ్డులో నూనె డబ్బా వంచితే చుక్క పడలేదు. డబ్బా ముక్కులో తెల్లగా బిగుసుకుంది. ఊచతో పొడిచి ముద్దలు తీసి కన్నాల్లో కూరాను. కొండబాబు చూసి, "చలికాలం ఇంతే అక్కా. ఎండెక్కితే అదే దిగుద్ది" అన్నాడు.

కొక్కెం దగ్గరికి వచ్చాను. నిన్నటి నూనె, మొన్నటి నూనె దాని చుట్టూ మైనంలా అంటుకుపోయింది. ఇంకా మోటారు వెయ్యలేదు. ఎందుకో పెడల్ ఒకసారి తొక్కి కాలు తీశాను. కొక్కెం దిగింది. వెనక్కి రాలేదు. స్ప్రింగు లాగుతోంది, నూనె వదలట్లేదు. నా కాలు నేల మీద ఉంది. కొక్కెం మాత్రం ఇంకా ఎవరో తొక్కుతున్నట్టే ఉంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక మళ్ళీ చూశాను. కప్పు రేకులు కాలి షెడ్డంతా వెచ్చగా ఉంది. తొక్కి వదిలాను. టక్కుమని వెనక్కి వచ్చింది. మళ్ళీ తొక్కాను. మళ్ళీ వచ్చింది.

ఆయన తొక్కలేదు.

జనవరి పొద్దున్న చలిలో రెండో దెబ్బ పడింది. వీళ్ళు చూసింది మధ్యాహ్నం ఎండలో. ఆయన తొక్కలేదు. షెడ్డు వెనక కాలవ గట్టున కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సంతోషానికి ఏడుస్తారని విన్నాను, నాకు ఇదే మొదలు.

సాయంత్రం ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను. గుమ్మం దగ్గర ఆగిపోయాను.

చెబితే ఈయన ఊరుకోడు. నాకు తెలుసు ఈయన సంగతి. ఆ మొండి చెయ్యి వేసుకుని అప్పటికప్పుడు వెళ్ళి, "అన్నయ్యగారూ, ఆ నూనె మార్పించండి, ఎవరి చెయ్యన్నా పోద్ది" అంటాడు. నూనె మారిపోతుంది. వాడి చెయ్యి వాడికి ఉంటుంది. "అయ్యో పాపం, పొరపాటయింది" అని ఒక ముక్క అని మళ్ళీ ఈల వేసుకుంటాడు.

వాడికి పడ్డాక చెబుతాను. అప్పుడైతే రుజువుతో చెప్పినట్టుంటుంది. ఎవరూ కాదనలేరు. ఇది ఆయన కోసమే.

డిసెంబరు 18

నేనేం చేస్తున్నాను? ఏమీ చెయ్యట్లేదు. ఏ నూనె పొయ్యమన్నారో ఆ నూనె పోస్తున్నాను.

డిసెంబరు 19

త్రిమూర్తులు మోటారు వేసి, చక్రం ఊరికే తిరుగుతుంటే టీ తాగి వస్తాడు. "చలికి దానికీ ఒళ్ళు కాగాలి కదా" అంటాడు. ఆ లోపు నూనె కరుగుతుంది. వీడికి తెలిసి చేస్తున్నది కాదు, వీడి అదృష్టం చేయిస్తోంది.

డిసెంబరు 22

మబ్బు పట్టింది. ఉక్కగా ఉంది. సీసాలో నూనె నీళ్ళలా ఉంది. ఈ ఊళ్ళో చలి కూడా వాడి పక్షమే.

డిసెంబరు 27

ఇవాళ పొద్దున్న సంగతి. త్రిమూర్తులు ఇంకా రాలేదు. మబ్బు విడిచి చలి కొరికేస్తోంది. కొండబాబు పెందరాళే వచ్చి, మోటారు వేసి, రేకు చేత్తో పట్టుకుని ప్రెస్సు ముందు కూర్చున్నాడు. పెళ్ళయి ఆర్నెల్లు కాలేదు. ఆ పిల్ల యామిని పొద్దున్నే తలుపు దగ్గర క్యారేజీ ఇచ్చి, వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్ళింది.

"ఉండు, నూనె పెట్టలేదింకా" అని మోటారు ఆపేశాను. డబ్బా పట్టుకుని టీ కొట్టుకి పరిగెత్తాను. పొయ్యి మీద వేడి చేయించి తెచ్చి కొక్కెం మీద కుమ్మరించాను. తెల్లటిదంతా కరిగి కారిపోయింది.

కొండబాబు పగలబడి నవ్వాడు. "నూనె కాచి పోస్తన్నావేంటక్కా! పండక్కి తలంటు పోస్తన్నావా దానికి?"

నేనూ నవ్వాను. వీడితో నాకేం పగ లేదు. నాకు కావలసింది ఒక్కడే.

రేపటి నుంచి నేను మామూలుగానే పోస్తాను.

డిసెంబరు 31

రాత్రి పన్నెండు దాటితే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయట. "మన ప్రెస్సుకేం కాదు కదయ్యా?" అని రాజుగారు త్రిమూర్తుల్ని అడిగారు. "దానికి తారీకులు తెలవ్వండి" అన్నాడు. అందరూ నవ్వారు.

ఇంటికొచ్చాక మా ఆయన మళ్ళీ అదే అడిగాడు, తొక్కేనా అని. "పడుకోండి" అన్నాను.

2000 జనవరి 5

పని నుంచి వచ్చేసరికి మా ఆయన పెరట్లో ఉన్నాడు. ఎడం చేతిలో పచ్చడి బండ. కుడిపాదం రాతి మీద పెట్టుకుని కొట్టుకున్నాడు. ఒకసారి కాదు. బొటనవేలు గోరు లేచిపోయింది, పాదం కుండలా వాచింది.

"ఏంటండీ ఇది? ఏంటండీ!" అని బండ లాక్కున్నాను.

"ఇదే కదా తొక్కింది" అన్నాడు. ఏడవడం లేదు. మామూలుగా అన్నాడు. "చేతికి శిక్ష పడింది. దీనికేం పడలేదు."

పసుపు వేడి చేసి పట్టు వేశాను. పాదం నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నోటి దాకా వచ్చింది. ఒక్క మాట. ఒకటంటే ఒకటి. ఆయన మొహంలోకి చూస్తే చెప్పేసేదాన్ని, అందుకని పాదం వంకే చూశాను.

ఇన్నాళ్ళు ఓర్చుకుని ఇప్పుడు చెప్పేస్తే ఇన్నాళ్ళూ దేనికి ఓర్చుకున్నట్టు? ఈ పాదం కూడా వాడి లెక్కలోనే వేస్తాను.

జనవరి 6

కట్టు మార్చాను. చెప్పలేదు. చలి ముదిరింది. రేపు లారీ వస్తుంది, బీరువాలు ఎత్తాలి, అందరికీ తొందర. టీ తాగే తీరిక కూడా ఉండదు త్రిమూర్తులికి.

ఒక్క రేపు.

జనవరి 7

వాడి చెయ్యి వాడికే ఉంది. ఇవాళ రాయలేను.

జనవరి 8

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పొద్దున్న నూనె ముద్దలుగా కూరాను. కొక్కెం దగ్గర వేలు పెట్టి చూశాను. గట్టిగా ఉంది. లారీ డ్రైవరు హారను కొడుతున్నాడు. త్రిమూర్తులు వచ్చీ రాగానే మోటారు వేసి కూర్చున్నాడు. నేను చీపురు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. ఏడాది నుంచి ఎదురు చూసింది కళ్ళారా చూడాలని అక్కడే నిలబడ్డాను.

రేకు పెట్టాడు. తొక్కాడు. దిమ్మ పడింది. కాలు తీశాడు. ఆ రేకు తియ్యడానికి చెయ్యి లోపల పెట్టాడు.

దిమ్మ మళ్ళీ పడింది. చెయ్యి అప్పటికి బయట ఉంది.

నేను అరిచానట. "అన్నయ్యా, చెయ్యి!" అని షెడ్డు అదిరేలా అరిచానట. కొండబాబు అంటున్నాడు, లారీ డ్రైవరూ అంటున్నాడు. నేను అరవలేదు. వాణ్ణి నేను ఎప్పుడూ అన్నయ్యా అని పిలవలేదు, అన్నయ్యగారూ అనే అంటాను, అదీ నలుగురిలో. గొంతు మాత్రం ఇవాళ్టికీ మంటగా ఉంది.

త్రిమూర్తులు మోటారు ఆపాడు. చక్రం వెనక్కి వెళ్ళి కొక్కెం దగ్గర వేలు పెట్టాడు. వేలికి అంటిన తెల్లటి ముద్దని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. చాలాసేపు నలిపాడు. తర్వాత నేల మీద చతికిలబడిపోయాడు.

"వీరబాబు తొక్కలేదు" అన్నాడు. "తొక్కలేదండి రాజుగారూ. ఆ రోజు మనం మధ్యాన్నం చూసేం. మధ్యాన్నం చూసేమండి."

రాజుగారు పీపా వంక చూసి, మొహం తిప్పుకున్నారు.

త్రిమూర్తులు సైకిలు కూడా తియ్యలేదు. ఆ గ్రీజు బట్టలతోనే మా ఇంటికి నడిచాడు. వెనకే కొండబాబు, ఆ వెనక నేను. దారి పొడుగునా కనపడినవాళ్ళకి చెబుతూనే ఉన్నాడు. "వీరబాబు తొక్కలేదండి. నేనన్న మాట తప్పండి." నాకు కావలసింది ఇదే కదా అని నడుస్తూ అనుకున్నాను. ఇంతకంటే ఏం కావాలి? అయినా లోపల ఏదో వెలితి. వాడు రెండు చేతులూ ఊపుకుంటూ నడుస్తున్నాడు.

మా వాకిట్లో ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఆ మొండి చెయ్యి పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "నా నోరు పడిపోనూ. నువ్వు తొక్కలేదు తమ్ముడూ. నువ్వు తొక్కలేదు."

ఆయన మొహం నేను ఎప్పటికీ మర్చిపోను. ఏడాదిగా బిగుసుకున్నదేదో వదిలింది. నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు. కట్టు కట్టిన కాలు ఊగడం మొదలెట్టింది, ఆపుకోలేదు. "విన్నావా దుర్గా!" అన్నాడు.

అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది.

"ఇదంతా మా చెల్లెమ్మ చలవయ్యా" అన్నాడు త్రిమూర్తులు కళ్ళు తుడుచుకుంటూ. "రెండో దెబ్బ పడకముందే అరిచింది. లేపోతే నేనూ నీలాగే అయ్యేవోణ్ణి. బంగారుతల్లి. కనిపెట్టుకునే ఉంది."

కొండబాబు అందుకున్నాడు. మెచ్చుకోలే, ఏ పాపం ఎరగడు. "ఇప్పుడు కాదన్నా, అక్క ఎప్పుడో పసిగట్టేసింది. పోయిన్నెల్లో నేను కూచుంటే మోటారాపేసి, టీ కొట్లో నూనె కాచి తెచ్చి పోసింది. నేనేమో తలంటని నవ్వేను."

ఆయన కాలు ఊగడం ఆగింది.

"పోయిన నెల్లోనా?" అన్నాడు నా వంక చూసి.

ఇవాళే తెలిసిందని అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు.

ఆయన పాదం వంక చూసుకున్నాడు. నేను వేసిన పసుపు కట్టు. త్రిమూర్తులికి అర్థం కాక నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అప్పటికి నా కాలు బాగానే ఉంది దుర్గా" అన్నాడు.

జనవరి 9

ఆయనకి చెప్పాను. ఎందుకు దాచానో అంతా చెప్పాను. మీ కోసమే అన్నాను. తిట్టండి అన్నాను. కొట్టండి అన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

త్రిమూర్తులికి మాత్రం చెప్పలేదు, వాడి చెయ్యి పోవాలని నేను కోరుకున్నట్టు. "ఆడు నిన్ను చెల్లెలనుకుంటన్నాడు. అనుకోనీ" అన్నాడు. రెండు రోజుల్లో నాతో అన్నది ఆ ఒక్క ముక్కే.

ఇంకా వాడి మీదే కోపం వస్తోంది. ఆ మాట వాడు అనకపోతే ఇదంతా లేదు. వాడు చెడ్డవాడై ఉంటే ఎంత బాగుండేది.

జనవరి 11

రాజుగారు బజారు నూనె కొనిపించారు, మిషన్లకి పోసేది, చలికి పేరుకోనిది. నూనె పని ఇకమీదట వీరబాబు చూసుకుంటాడని త్రిమూర్తులు మాట్లాడాడు. ఎడం చేత్తో డబ్బా వంచడం పెద్ద పనేం కాదు. ఇవాళ కుంటుకుంటూ వెళ్ళొచ్చాడు. మొహం తేటగా ఉంది. దారిలో ఎవరెవరు పలకరించారో వాకిట్లో నిలబడి పక్కింటావిడకి చెప్పాడు. నేను లోపల నుంచి విన్నాను.

వేళ్ళు పోయినప్పటి నుంచి ఎడం చేత్తో అన్నం ముట్టనన్నాడు ఆయన. అది అన్నం చెయ్యి కాదు, చస్తే తినను అన్నాడు. ఏడాదిగా రెండు పూటలా నేనే కలిపి నోట్లో పెడుతున్నాను. ఎంత మాట పట్టింపు వచ్చినా ఆ పూట మాత్రం తప్పలేదు. నోరు తెరిచేవాడు, పెట్టేదాన్ని.

ఈ రాత్రి పప్పూ అన్నం కలిపి, నెయ్యి వేసి, ముద్ద ఎత్తాను. నోరు తెరవలేదు. నా ముందు నుంచి కంచం తన వైపు లాక్కున్నాడు. ఎడం చెయ్యి కడుక్కుని కలుపుకున్నాడు. చేతకాలేదు. సగం గడ్డం మీద, సగం చాప మీద పడింది. మెతుకులు ఏరబోయాను.

"వద్దు" అన్నాడు.

తల వంచుకుని కంచం ఖాళీ అయ్యేదాకా అలాగే తిన్నాడు. నేను ఎత్తిన ముద్ద నా చేతిలోనే ఆరిపోయింది.